ఆరని చెమట

గత వైశాఖంలో ఒక ఉదయం మా వంటింట్లో పిండి తూచుకునే కాటా మీద నా చొక్కానూ బనియనునూ పెట్టి తూచాను. నడకకు బయలుదేరే ముందు రెండూ కలిసి 240 గ్రాములు తూగాయి. యాభై నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చి, విప్పి, పిండకుండా అలాగే పెడితే 550 గ్రాములు తూగాయి. వంటింటి కాటా మీద చెమట బట్టలేమిటని మా అమ్మ దాన్ని నా చేత రెండుసార్లు తుడిపించింది గాని, ఆ 310 గ్రాముల తేడా చూశాక చాలా ఏళ్లుగా నాకున్న ఒక భ్రమ వదిలింది.

బట్టలు ఎంత తడిస్తే వ్యాయామం అంత బాగా జరిగినట్టు అనుకోవడమే ఆ భ్రమ. ఒడిశాలోని మా బరంపురంలో ఈ లెక్క నా ఒక్కడిది కాదు. గోపాల్‌పూర్ సముద్రం ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉండడం వల్ల చైత్రం వచ్చిందంటే గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. తెల్లవారుజామున మైదానం చుట్టూ నడిచేవాళ్లు, ఒడియావాళ్లయినా తెలుగువాళ్లయినా, చివరి చుట్టు అయ్యాక తుండుగుడ్డ పిండి చూపించుకుని మరీ సంతోషపడతారు. చెమట కారిన రోజు ఒళ్లు తేలికైందంటారు, కారని రోజు నడక వృథా అయిందంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి.

ఆ రోజు బట్టలతో పాటు నన్ను నేను కూడా తూచుకున్నాను. వెళ్లేముందు 68.4 కిలోలు, వచ్చాక ఒళ్లంతా పొడిగా తుడుచుకుని తూగితే 67.7 కిలోలు. తడి బట్టలతోనే కాటా ఎక్కితే తరుగు సగానికి సగం కనబడకుండా పోతుంది, ఎందుకంటే ఒంటిని విడిచిన నీరు ఇంకా చొక్కాలోనే ఉంటుంది; మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. మొత్తం తరుగు 700 గ్రాములు. అందులో ఊపిరితో పోయిన ఆవిరినీ బొగ్గుపులుసు వాయువునూ ఒక యాభై గ్రాములుగా తీసేస్తే మిగిలిన 650 గ్రాములూ చెమటే. దానిలో 310 గ్రాములు చొక్కాలో చిక్కుకున్నాయి, కనుబొమల మీదుగా కొంత నేల మీద రాలింది. కాబట్టి ఆవిరై గాలిలో కలిసినది మూడువందల చిల్లర గ్రాములు మాత్రమే. నా ఒంటిని నిజంగా చల్లబరచింది ఆ మూడువందల చిల్లరే. మిగతాది శరీరం కష్టపడి తయారుచేసి, పని జరగకుండానే పారబోసుకున్న నీరు.

చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరి కావాలంటే దానికి దాదాపు 2.4 కిలోజౌళ్ల వేడి కావాలి, ఆ వేడిని అది చర్మం నుంచే తీసుకుని వెళ్తుంది. అదే గ్రాము బొట్టుగా జారి నేల మీద పడితే తీసుకువెళ్లే వేడి లెక్కలోకి రానంత తక్కువ. నడకలో కండరాలు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతుకు మించి కదలికగా మారదు, మిగతాదంతా అక్కడికక్కడే వేడి అవుతుంది. చదును నేల మీద నడిచేటప్పుడైతే ఆ నాలుగో వంతు కూడా చివరికి వేడిగానే తేలుతుంది. నా ఐదు కిలోమీటర్ల నడకకు సుమారు 240 కిలోకేలరీలు ఖర్చయిందనుకుంటే, ఆవిరైన మూడువందల చిల్లర గ్రాములు దాదాపు 185 కిలోకేలరీలను మోసుకుపోయాయి, మిగిలినది ఊపిరితోనూ తెల్లవారుజాము గాలికీ పోయింది. వంటింటి కాటాతో వేసిన లెక్క ఇంత దగ్గరగా కుదరడం నాకే ఆశ్చర్యం కలిగించింది.

నాకంటే చాలా ముందే ఇటలీలో సాంటోరియో అనే వైద్యుడు ఈ పిచ్చిని పరాకాష్ఠకు తీసుకువెళ్లాడు. ఆయన త్రాసుకు కుర్చీ వేలాడదీసి, ఇంచుమించు ముప్పై ఏళ్లపాటు అందులో కూర్చుని తిన్నదీ తాగినదీ విసర్జించినదీ తూచుకున్నాడు. లోపలికి వెళ్లినదానిలో సగానికి పైగా కంటికి కనబడకుండా ఒంటి మీది నుంచీ ఊపిరి నుంచీ పోతోందని 1614లో ప్రకటించాడు. కంటికి కనబడే చెమట కన్నా కనబడనిదే ఎక్కువ పని చేస్తుందన్న సంగతికి అదే తొలి తూకమని నేను అనుకుంటాను.

ఇక ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. మనిషి చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల దాకా స్వేదగ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి చర్మం లోపలి పొరలో చుట్టలు చుట్టుకున్న సన్నని గొట్టం. రక్తం వేడెక్కినా, చర్మం వేడెక్కినా ఆ కబురు మెదడు అడుగుభాగంలో ఉన్న హైపోథాలమస్‌కు చేరుతుంది, అక్కడి నుంచి నరాల ద్వారా ఈ గొట్టాలకు ఆజ్ఞ వస్తుంది. గొట్టం అడుగున ఊరే ద్రవం రక్తంలోని నీటి భాగంలాగే ఉప్పగా ఉంటుంది. అది పైకి వచ్చే దారిలో గొట్టం గోడలు ఉప్పులో చాలా భాగాన్ని వెనక్కి లాక్కుంటాయి. చెమట నెమ్మదిగా పడితే లాక్కోవడానికి వ్యవధి దొరుకుతుంది కాబట్టి చప్పగా ఉంటుంది, ధారగా పడితే వ్యవధి చాలక ఉప్పు బయటికి పోతుంది. చంకల్లో ఉండే రెండో రకం గ్రంథులు వేరు. అవి యౌవనంలో మేలుకుంటాయి, వాటి జిడ్డు స్రావానికి స్వతహాగా వాసన ఉండదు, చర్మం మీది బాక్టీరియా దాన్ని తిని వాసన పుట్టిస్తాయి. పరీక్షహాల్లో అరచేతులకు పట్టే చెమటకు వేడితో పని లేదు, అది మనసు ఆందోళనది.

బరంపురంలో చెమట ఎందుకు ఆరదో తెలుసుకోవాలంటే కూలర్‌ను చూడాలి. మా మేనమామ కుటుంబం రెండు తరాలుగా మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఉంటోంది. చంద్రపూర్‌ను మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చాందా అనే అంటారు. అక్కడ ఎండాకాలం వచ్చేసరికి వీధిలో ప్రతి కిటికీకీ ఒక కూలర్ తగిలిస్తారు, నీళ్లతో తడిసిన గడ్డి తెరల గుండా గాలి వచ్చి గది చల్లబడుతుంది. దానికి ముచ్చటపడి మా నాన్న ఒకసారి అలాంటిదే ఒకటి బరంపురం తెచ్చారు. ఇక్కడ అది గదిని చల్లబరచలేదు సరికదా, రెండు రోజులకే పరుపులు చెమ్మెక్కి బూజు వాసన కొట్టాయి. కూలర్‌కు జరిగినదే మన చర్మానికీ జరుగుతుంది. బరంపురంలో 33 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న పూట, బల్లార్షాలో 44 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం పక్కపక్కన పెట్టి చూస్తే, తడి చర్మం నుంచి నీటిని లాగేసుకునే బలం బల్లార్షా గాలికి మా గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. మా మట్టికుండలో నీళ్లు బల్లార్షా కుండలో నీళ్లంత చల్లగా ఉండకపోవడానికి కుమ్మరి తప్పు ఏమీ లేదు.

ఆ నెలలోనే ఒక పెళ్లికి బల్లార్షా వెళ్లినప్పుడు, నేను తూకాలు రాసుకునే పుస్తకంలో అంకెలు రెండు ఊళ్లవీ ఉండాలనే పట్టుదలతో సాయంత్రం ఐదింటికి అదే ఐదు కిలోమీటర్లు నడిచాను. అప్పటికి వేడి 42 డిగ్రీలు. దారి పొడవునా చొక్కా పొడిగానే ఉంది, నుదురు పొడిగానే ఉంది, మొహానికి గాలి పొయ్యి దగ్గర గాలిలా తగులుతోంది. చెమట పట్టలేదు కదా అని నీళ్ల సీసా మూత కూడా తీయలేదు. ఇంటి మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. మావయ్య నన్ను కూర్చోబెట్టి, ఉప్పు వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో చేతికిచ్చి, నా వీపు వైపు చూపించి, "చొక్కా తడవలేదని నీళ్లు మానేస్తావేరా? ఆ చారలేమిటో చూసుకో" అన్నాడు. వీపు మీద చొక్కా నీలం రంగు కనబడకుండా తెల్లటి ఉప్పు చారలు అలలు అలలుగా కట్టి ఉన్నాయి. తేరుకున్నాక తూచుకుంటే మజ్జిగ పోను 800 గ్రాములు తగ్గాను. చొక్కా మాత్రం 20 గ్రాములే బరువెక్కింది. అంటే బరంపురంలో కన్నా ఎక్కువ చెమట పట్టింది, అదంతా పట్టింది పట్టినట్టే ఆరిపోయింది. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు కండరాల వేడితో పాటు గాలి నుంచి వచ్చే వేడిని కూడా చెమటే మోయాలి, మరో దారి లేదు.

ఒకే మనిషి, ఒకే నడక. ఒక ఊళ్లో కంటికి చెమట ఎక్కువగా కనబడి మోసం చేసింది, మరో ఊళ్లో అసలు కనబడక మోసం చేసింది.

తడి వేడికి ఒక హద్దు కూడా ఉంది. బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 35 డిగ్రీలు చూపిస్తే చెమట ఇక ఆరదు గనుక మనిషి బతకలేడని చాలాకాలం సిద్ధాంతంగా చెప్పుకున్నారు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను పరీక్షించి 2022లో ప్రకటించిన ఫలితాల్లో, తేలికపాటి పనులు చేస్తున్నప్పుడే అదే తడిగుడ్డ కొలతలో 31 డిగ్రీల దరిదాపుల్లో శరీరం అదుపు తప్పి వేడెక్కడం మొదలైంది. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఇక్కడ వడదెబ్బను అంశుఘాతం అంటారు. ఆ ఏడాది తర్వాతే ఈ రాష్ట్రంలో ఎండాకాలపు బడివేళలూ, కూలీల పనివేళలూ, మనం చలివేంద్రాలు అనే జలఛత్రాలూ ప్రభుత్వం పట్టించుకునే విషయాలయ్యాయి.

ఇప్పుడు ఒక పాత కోపం చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ల వయసులో నేను చేరిన ఒక వ్యాయామశాలలో శిక్షకుడు మా నడుములకు ప్లాస్టిక్ పట్టీలు చుట్టి, పైన మందపాటి జెర్కిన్లు తొడిగించి పరుగెత్తించేవాడు. చెమటతో పాటు కొవ్వు కరిగి కారుతుందని అతని వాదన. గంటలో కిలోకు పైగా తగ్గేవాళ్లం, రాత్రి భోజనం చేసి నీళ్లు తాగి పడుకుంటే తెల్లారేసరికి ఆ కిలో తిరిగొచ్చేది, మూడో వారంలో నేను అక్కడే వాంతి చేసుకుని మానేశాను. కొవ్వు చెమటగా మారదు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో బయటికి పోతాయి, మిగిలిన 1.6 కిలోలు నీరవుతాయి. అంటే సన్నబడే దారి ఎక్కువగా ముక్కు గుండానే ఉంది. ప్లాస్టిక్ పట్టీ చేసే పని చెమటను ఆరనివ్వకపోవడం ఒక్కటే. 1775లో ప్రచురించిన వివరాల ప్రకారం లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు నీళ్లు మరిగే వేడిని మించిన గదిలోకి మిత్రులతో కలిసి వెళ్లి క్షేమంగా బయటికి వచ్చాడు, అదే గదిలో పెట్టిన మాంసమూ గుడ్లూ ఉడికిపోయాయి. ఆ గదిలో పాత్రలో పెట్టిన నీళ్లు మాత్రం, ఆవిరి పోతున్నంత సేపూ మరగలేదు. పైన కాస్త నూనె వేసి ఆవిరిని అడ్డుకోగానే మరిగాయి. మా నడుముకు చుట్టిన ప్లాస్టిక్ ఆ నూనె పొరలాంటిదే. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు, పోటీకి ముందు ఇలాగే చెమట పట్టించుకుని బరువు తగ్గబోయి, కొద్ది వారాల తేడాలో ప్రాణాలు కోల్పోయారు.

వేడికి శరీరం అలవాటు పడుతుందన్న మాట మాత్రం నిజం. రోజూ కొంతసేపు వేడిలో వ్యాయామం చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలో నీటి పాలు పెరిగి గుండెకు శ్రమ తగ్గుతుంది. కాబట్టి బాగా నడిచే మనిషికి నడవని మనిషి కన్నా త్వరగా చెమట పడితే అది నీరసానికి గుర్తు కాదు. నేను ఫాల్గుణం చివరి నుంచే నడక సమయాన్ని కొంచెం కొంచెంగా ఎండవైపు జరుపుతాను, ఎందుకంటే చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండ 999 మెట్లూ ఎక్కే మొక్కు ఉంది. మెట్టుకు పదిహేను సెంటీమీటర్లు వేసుకున్నా, నా బరువున్న మనిషికి ఆ ఎక్కడంలో పుట్టే వేడి ఎక్కడికీ పోకుండా ఒంట్లోనే ఉండిపోతే ఒంటి వేడి ఒక డిగ్రీకి పైగా పెరుగుతుంది. ఆ వేడి మొత్తం తీసేయడానికి 125 గ్రాముల చెమట ఆరితే సరిపోతుంది. పై మెట్టు చేరేసరికి నా చొక్కాలో అంతకు మించిన చెమట ఊరికే ఉంటుంది. అందుకే ఇప్పుడు మధ్యలో ఆగి, గాలి తగిలే చోట నిలబడి, చొక్కా గుండీలు విప్పుకుంటాను. ఆ రెండు నిమిషాల గాలి సీసాలో నీళ్ల కన్నా ముందు పనికొస్తుంది.

నీళ్ల సంగతిలో రెండు తప్పులూ జరుగుతాయి. శరీర బరువులో రెండు శాతానికి మించి నీరు తగ్గితే ఓపిక తగ్గడం మొదలవుతుంది. నాకైతే అది 1.4 కిలోలు, ఒక గంట నడకలో అంతదాకా పోను. అలాంటప్పుడు దాహం వేసినంత తాగితే చాలు. అటు గంటల తరబడి పరుగెత్తేవాళ్లు చెమటగా పోయినదాని కన్నా ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, అయోమయం, చివరికి మూర్ఛ దాకా వెళ్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మంది పరుగువాళ్లలో 13 శాతం మందికి సోడియం ఉండవలసినదాని కన్నా తక్కువగా ఉంది, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లలో ఇది ఎక్కువగా కనబడింది. పరుగెత్తి బరువు పెరగడమేమిటని నవ్వు రావచ్చు గాని, తాగిన నీళ్లకు కూడా తూకం ఉంటుంది. పూర్తిగా తేరుకోవాలంటే తగ్గిన ప్రతి కిలోకూ ఒకటిన్నర లీటర్ల దాకా, ఒక్కసారిగా కాక కొన్ని గంటల మీద, ఉప్పున్న తిండితో కలిపి తాగడం మేలు, ఎందుకంటే ఉత్త నీళ్లలో కొంత భాగం మూత్రంగానే పోతుంది.

ఆ ఉప్పు సంగతి మన పాతవాళ్ల వంటింట్లో ఎప్పుడూ ఉంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి, పొద్దున ఆ పులిసిన నీటిని ఉప్పు వేసుకుని తాగడం మా ఇంట్లో తరవాణి. ఎదురింటి ఒడియావాళ్ల పఖాళంలో నీటిని వాళ్లు తొరాణి అంటారు. గోడకు అటూ ఇటూ మాట కూడా ఒకటే, గ్లాసు కూడా ఒకటే. విరేచనాలతో గానీ తీవ్రమైన చెమటతో గానీ నీరు బాగా పోయినప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లం పనికొస్తుంది. లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేలా దాన్ని తయారుచేస్తారు, పేగు గోడలో గ్లూకోజు తోడు దొరికితే సోడియం లోపలికి వెళ్తుంది, దాని వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇలాంటి ద్రావణంతోనే కలరా రోగులను కాపాడారు. కొబ్బరినీళ్లు మంచివే గాని వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం కాబట్టి గోపాల్‌పూర్ ఒడ్డున బోండాం తాగేవాళ్లు పక్కన చిటికెడు ఉప్పున్నదేదైనా తినడం మంచిది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. వడదెబ్బ తగిలితే చర్మం పొడిబారిపోతుందని అందరూ అంటారు, ఇంట్లో కూర్చున్న వృద్ధులకు సాధారణంగా అలాగే జరుగుతుంది. పరుగులోనో పొలంలోనో పనిచేస్తూ పడిపోయినవాడికి మాత్రం ఒళ్లంతా చెమటతో తడిసే ఉండవచ్చు. మాట తడబడినా, ప్రవర్తన తేడాగా ఉన్నా చెమట ఉందో లేదో చూస్తూ కూర్చోకూడదు; నీడకు చేర్చి, నీళ్లు కుమ్మరించి, విసురుతూ, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మా అమ్మకు 74 ఏళ్లు. తనకు చెమటే పట్టదని ఆమె గర్వంగా చెప్పుకుంటుంది. వయసుతో స్వేదగ్రంథుల పని మందగిస్తుంది, దాహం కూడా మందగిస్తుంది, ఆమె వేసుకునే రక్తపోటు మాత్ర మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం. పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడినా ఆమె నుదురు పొడిగానే ఉండడం చూసి ఇదివరకు నేను కూడా మెచ్చుకునేవాణ్ణి. బల్లార్షా నుంచి తిరిగొచ్చాక ఎండాకాలమంతా పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి సెలవురోజుల్లో నేనే గ్లాసు పట్టుకువెళ్లి ఎదురుగా నిలబడుతున్నాను. డాక్టరు ఆమెకు ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి ఆమె తరవాణిలో ఉప్పు వేయను. "దాహం లేకుండా తాగమంటావు, అందులో ఉప్పు కూడా వెయ్యవు, ఇదేం తరవాణిరా" అని గొణుగుతూనే తాగుతుంది. ఆదివారాలు ఆమెను కూడా కాటా ఎక్కించి బరువు రాసుకుంటున్నాను. ఆమె చీరను విడిగా తూచడానికి మాత్రం ఒప్పుకోలేదు.